ఎదురు స్టూడియోవాడు, నా ఆటో మోడు

చీపురుపల్లిలో నా స్టూడియోకి ఎదురు స్టూడియోవాడు పోయాడు. పొద్దున్నే పక్క టీకొట్టాయన వచ్చి, "అమ్మా, నీ శత్రువు పోనాడు" అన్నాడు. ఎవరని నేను అడగలేదు.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు మీరు. నా దగ్గర అంత మంచి లేదు. నేను కొట్టు తెరిచిన నాటినుంచి గిరాకీలతో, "ఆ కెమెరా దానంతటదే తీస్తాది. ఆ పిల్ల ఊరికే పట్టుకుంటాది" అనేవాడు. ఒళ్లు మండేది. అప్పటికి నాకు ఆటో మోడు తప్ప ఇంకోటి రాదు మరి.

కసికొద్దీ 'ఏ' మోడు నేర్చుకున్నాను. అందులో లెన్సు ఎంత తెరవాలో మనం చెబితే, వేగం కెమెరా చూసుకుంటుంది. ఓసారి భావనపాడు బీచిలో పెళ్లికి ముందు ఫొటోలు. పెళ్లికూతురి వాళ్లు నన్ను, పెళ్లికొడుకు వాళ్లు ఆయన్ని పెట్టుకున్నారు. జంట అలల్లో పరిగెత్తుతోంది. వెనక సముద్రం కూడా స్పష్టంగా రావాలని లెన్సు తెరవడం బాగా తగ్గించాను. సాయంత్రం వెలుగు చాలక కెమెరా వేగం తగ్గించేసింది. రెండు ముఖాలూ అలుక్కుపోయాయి.

ఆయన నా వెనకనుంచి తొంగి చూశాడు. "మనుషులు పరిగెడుతుంటే సముద్రాన్ని సూసుకున్నావేటి? ఎస్‌లో పెట్టు. వేగం నువ్వు సెప్పు, మిగతాది అది సూసుకుంటాది." అక్కడితో ఆగినా బాగుండేది. పెళ్లికొడుకు తండ్రి వైపు తిరిగి, "ఇవి ఆల్బంలో ఎట్టకండి బాబూ, దెయ్యాలనుకుంటారు" అన్నాడు. నన్ను పెట్టుకున్నవాళ్లు కూడా నవ్వారు.

ఎస్‌లో పెట్టి మళ్లీ పరిగెత్తించాను. పాదాల కింద లేచిన నీటిచుక్కలు విడివిడిగా వచ్చాయి. ఆయనకి చూపించలేదు.

ఒక్కసారే ఆయన్ని నోరు తెరిచి అడిగాను. అరసవల్లి కల్యాణమండపంలో, వెనక గుమ్మంలోంచి పడే ఎండకి పెళ్లికూతురి ముఖం నల్లగా వస్తోంది. ఆయన కెమెరా ఎప్పుడూ ఎమ్‌లోనే ఉండేది. వేగం, లెన్సు రెండూ తనే పెట్టేవాడు.

"ఎనకాల గుమ్మం తెల్లబడితే పడనీ. మొకానికి సరిపడా ఎలుగు పెట్టు."

"అన్నీ మీరే పెట్టుకోడం దేనికి?"

"ఎమ్ములో తప్పయితే నన్ను నేను తిట్టుకుంటాను. మిగతా మోడుల్లో ఎవర్ని తిడతాను? జరుగు, అడ్డొస్తన్నావు."

ఆ నెలలోనే, నేను కొట్టు ఎత్తేస్తున్నానని గిరాకీలకి చెప్పి నా పెళ్లి బేరం ఒకటి తన్నుకుపోయాడు. ఆపైన ఆయనతో మాట్లాడలేదు. ఇప్పటికీ క్షమించలేదు. కాని ఆనాటినుంచి నా కెమెరా ఎమ్ దాటలేదు.

కబురు తెలిశాక వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "వచ్చినావా తల్లీ. నిన్ను తిట్టందే ఆయనకి ముద్ద దిగీది కాదు. పోయిన్నెల నువ్వు తీసిన ఫొటో ఎవుళింట్లోనో సూసొచ్చినాడు. ఆ దినం ఏటీ అన్లేదు. అన్నం తిని లెగిసిపోనాడు."

ఆవిడ చెయ్యి వదిలాక వాకిట్లోకి వచ్చాను.

బయట పాడె లేపుతున్నారు. చుట్టుపక్కల ఊళ్ల ఫొటోగ్రాఫర్లంతా గోడవారన ఎండలో నిలబడ్డారు. ఎవరి మెడలోనూ కెమెరా లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకరు కట్టుకున్నారు, ఒకరు వెనక్కి పెట్టుకున్నారు, ఒకరు జేబులో దోపి మళ్లీ తీశారు.