బొబ్బట్లకు తొందర

మా పాపకు నాలుగు నెలలు నిండాయి. మర్నాడు పాపను తీసుకుని జూలూరుపాడు నుంచి భద్రాచలంలోని మా పుట్టింటికి బయల్దేరాలి. అదే మా అత్తగారి బాధ. బిడ్డ తొలిసారి బోర్లా పడిన ఇంట్లో బొబ్బట్లు చేసి పంచుతారు మరి. "అక్కడ బోర్లపడితే బొబ్బట్ల పేరు మీ అమ్మోళ్లకు పోతది" అని రెండు రోజులుగా సణుగుతూనే ఉన్నారు.

ఆ మధ్యాహ్నం నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లోంచి బెల్లం వాసన వస్తోంది. గదిలో పాప బోర్లా ఉంది. ముఖం మెత్తటి దిండులో కూరుకుపోయింది. ఒక చెయ్యి పొట్ట కింద ఇరుక్కుంది. చప్పుడు లేదు. లాగి భుజాన వేసుకుని వీపు తట్టాను. ముఖమంతా కందిపోయింది. కాసేపటికి కెవ్వుమంది.

"నిద్రల నేనే జర తిప్పిన. గింతదానికి గంత లొల్లి ఏందే?" అన్నారు అత్తగారు, చేతిలో పూర్ణం ముద్దతో.

"ఇంకోసారి నా బిడ్డను ముట్టొద్దు, చెప్తున్న" అన్నాను.

సాయంత్రం వీధంతా బొబ్బట్లు పంచి, మనవరాలు తన ఇంట్లోనే బోర్లా పడిందని చెప్పుకున్నారు. నేను ఒక్కటీ ముట్టలేదు.

పుట్టింట్లో నాలుగో రోజు, ఉత్త చాప మీద నిద్రపోతున్న పాప తనంతట తానే బోర్లా తిరిగి, ముఖం పక్కకు పెట్టుకుని హాయిగా పడుకుంది. చూసింది నేనొక్కదాన్నే. అత్తగారికి ఇంతవరకూ చెప్పలేదు. పత్రికలో ఈ పేజీ చదివి తెలుసుకుంటే తెలుసుకోనివ్వండి.