ఫోన్‌లో టమాట చేను

మడికొండలో మాది మూడో అంతస్తు ఫ్లాటు. కరివేపాకు కుండీ తప్ప మాకు భూమి లేదు. అయినా ఈ వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఊపిరాడని వ్యవసాయం నడిచింది. అంతా నా ఫోన్‌లోనే. రైతు మా ఏడేళ్ల పాప. ఆ గేమ్‌లో విత్తనం వేస్తే పావుగంటలో టమాటలు కాస్తాయి. కోయకపోతే వాడిపోతాయి. అప్పుడు ఫోన్ టింగుమంటుంది: 'మీ పంట ఎండిపోతోంది!'

అది వినగానే పాప కంచం ముందు నుంచి లేచిపోయేది. స్నానం మధ్యలో సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చేది. ఒకరోజు నిద్రలో "నీళ్లు" అంటే గ్లాసు తెచ్చాను. "నాకు కాదు, టమాటలకు" అంది కళ్లు తెరవకుండానే. నవ్వుకున్నాను. మర్నాడు ఫోన్ లాక్కుంటే నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది. ఇక నవ్వు రాలేదు. పిల్ల నా చేతుల్లోంచి జారిపోతోందని భయమేసింది.

తొర్రూరు దగ్గరి ఊరి నుంచి మా బాపు వస్తే, దానికి గట్టిగా చెప్పమని బతిమాలాను. పత్తి, వరి పండించే మనిషి. పాప పక్కన కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, ఆ తెరను చాలాసేపు చూశాడు.

"అన్నం తినమను బాపూ."

"పంట ఎండుతాంటె అన్నం ఎట్ల దిగుతది బిడ్డా? జర ఆగరాదు!"

తిట్టమని నేను బతిమాలిన మనిషి అటుపక్క చేరిపోయాడు. కాసేపటికి ఇద్దరికీ గొడవ.

"తాతా, మళ్ల టమాటనే ఏద్దాం."

"ఇగ ఏసుడు లేదు. ఇంత ఎండల ఎవడన్న విత్తనం ఏస్తడానే? బీడు పెట్టు. భూమికి జర రెస్ట్ ఉండొద్దా?"

"ఎన్ని రోజులు?"

"వాన పడేదాంక."

నేను బెదిరించినా వినని పిల్ల, ఉన్న పంట కోసేసి, మళ్లీ వేయలేదు. ఎండడానికి ఏమీ లేదు కాబట్టి దిగులూ లేదు. 'మీ చేను ఖాళీగా ఉంది!' అని ఫోన్ మోగితే, "బీడు పెట్టినం, నీకు తెల్వదా?" అని దాన్నే గదమాయించేది. అన్నం తింటోంది. నిద్రపోతోంది.

కానీ రోజూ పొద్దున్నే బాల్కనీలోకి వెళ్లి మబ్బులు చూసేది. తిరిగి ఊరెళ్లిన బాపూ అక్కడ అదే చూసేవాడు. రైతు కూతురినై ఉండి, వాన ఆలస్యం కావాలని కోరుకున్నది నేనొక్కదాన్నే.

ఈ మధ్యాహ్నం వాన దంచికొట్టింది. పాప కిందికి పరుగెత్తి, తడిసి ముద్దయి వచ్చింది. తల తుడుస్తుంటే దాని చూపు ఫోన్ మీదికి పోయింది.

"అమ్మా, వాన వడ్డది గద?"

"ఒక్క వానకే ఏస్తరా? భూమి మంచిగ నానాలె."

"ఇంకెన్ని వానలు?"

"తాతనే అడుగుదువు గని. ముందు బట్టలు మార్చుకో పో."

అది గదిలోకి వెళ్లగానే నేను వంటింట్లోకి దూరి బాపుకు ఫోన్ కలిపాను.

"బాపూ, పాప అడుగుతది. జర ఎక్కువ వానలు చెప్పు."