నెత్తళ్ళ సంచీ, ఒక "ఏటి"

పది రోజులు కాకినాడ రేవు, దాని ఎదుటి దీవి, భీమిలి ఒడ్డు తిరిగి, ఎక్కడి చేప అక్కడే తిని, చివరికి బిలాస్‌పూర్ రైలెక్కాను. ఇన్ని చూశానా, గుర్తుండిపోయింది మాత్రం ఆ తిరుగు రైల్లో ఎదురు బెర్తు పెద్దమనిషే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా సంచీలో ఎండు నెత్తళ్ళు, అదే వేలెడంత ఎండుచేపలు, ఉన్నాయి. భీమిలిలో అమ్మినావిడ మూడు కవర్లు చుట్టి మరీ ఇచ్చింది. మా తాత రైల్వే పనికని శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ వచ్చిన నాటి నుంచీ, అటు వెళ్ళినవాళ్ళెవరూ ఇవి లేకుండా మా క్వార్టర్ గడప తొక్కలేదు.

రాయ్‌పూర్ దాటాక ఎదురు బెర్తాయన ముక్కు మూసుకుని "బద్‌బూ, బద్‌బూ" అంటూ టీటీఈని పిలిచాడు. నేనేదో శవాన్ని మోసుకొచ్చినట్టు నా సంచీ వైపు వేలు చూపించాడు. హిందీ ఆయన, ఈ రుచి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

టీటీఈ వంగి వాసన చూశాడు. మొహం విప్పారింది.

"ఏటక్కా, నెత్తళ్ళేటి? భీమిలివా?"

ఆ యాస వింటేనే తెలిసిపోయింది, టీటీఈ కూడా మా రైల్వే కాలనీ బాపతే! ఎదురు బెర్తాయన నవ్వాడు.

"ఏటి కాదండీ, ఏమిటి అనాలి" అన్నాడు, శుభ్రమైన తెలుగులో.

నా రక్తం మరిగిపోయింది. ఇంతసేపూ నా చేపల్ని హిందీలో తిట్టి, ఇప్పుడు తెలుగు బయటికి తీసింది మా మాట దిద్దడానికా! నేను నోరు తెరిచేలోపే టీటీఈ ఆయన వైపు తిరిగాడు.

"అచ్ఛా! మీకూ తెలుగొచ్చేటి సార్?"