కమలమ్మ తీసిన వాగ్దానం

ఐదేళ్లుగా ఒక చిన్న అట్టముక్క నా ట్రంకుపెట్టె అడుగున ఉంది. అరచేతిలో పట్టేంత. దాని బరువు ఇక మోయలేక ఇది రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నా నోరు మళ్లీ మూతపడుతుంది.

శంషాబాద్ దగ్గర ఒక బడిలో ముప్పై ఏళ్లు ఊడ్చాను. రోజూ నల్లబల్ల తుడిచాను. నా చేతి గుడ్డ కింద ఎన్ని అక్షరాలు పోయాయో, వాటిలో ఒక్కటీ అప్పుడు నాకు తెలియదు. సంతకం మాత్రం బొమ్మ గీసినట్టు నేర్చుకున్నాను. బడిలో పనిచేసే మనిషికి చదువు రాదని ఎవరనుకుంటారు? ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

కొత్త ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడే నా నౌకరీ అయిపోయింది. పొద్దున లేస్తే పోవడానికి చోటు లేదు. మా చర్చి మీదుగా విమానాలు ఎంత కిందికి పోయేవంటే, పాస్టరుగారు ప్రసంగం ఆపి, చప్పుడు తగ్గాక మళ్లీ మొదలుపెట్టేవారు. ఆయన ఆగినప్పుడల్లా నేను లోపల అడిగేదాన్ని: ప్రభువా, ఇగ నాతో నీకేం పని?

ఒక ఆదివారం పాస్టరుగారు నన్ను పిలిచి, చర్చికి రాలేని రోగుల ఇళ్లకు పోయి ప్రార్థన చేసి, వాక్యం చదివి రమ్మన్నారు. చీపురు పట్టిన ఈ చేతుల్లోకా ఆ పుస్తకం? చదువు రాదని అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఆ పని ఇంకొకరికి పోతుంది. అందుకే ఊరుకున్నాను. అది దేవుని పని మీద ప్రేమ అనుకున్నాను. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు.

విని విని చాలా వాక్యాలు నాకు నోటికి వచ్చు. పుస్తకం తెరిచి, వరుసల మీద వేలు జరుపుతూ చెప్పేదాన్ని. రోగుల మొహాలు నెమ్మదించేవి. నా అబద్ధంలోంచి కూడా దేవుడు వాళ్లను తాకుతున్నాడే అని ఆశ్చర్యపోయేదాన్ని. ఆ ఆశ్చర్యమే నాకు ధైర్యమిచ్చిందేమో.

మా సంఘంలో కొత్త సంవత్సరం నాడు వాగ్దానాల డబ్బా పెడతారు. లోపల చిన్న చిన్న అట్టలు, ఒక్కోదాని మీద ఒక వాక్యం. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడంతా దేవుడు మనకిచ్చిన మాట అదే. ఒకసారి చదివాక దాచుకోవడమే. ఇంకొకరికి చూపించి మళ్లీ చదివిస్తే నమ్మకం లేనట్టని మావాళ్ల పట్టింపు. ఐదేళ్ల కిందట కొత్త సంవత్సరానికి, మంచం పట్టినవాళ్ల కోసం నేను డబ్బా పట్టుకుని బయలుదేరాను.

మా గల్లీ చివరి ఇల్లు కమలమ్మది. నాకన్నా పదేళ్లు చిన్నది. రొమ్ములో గడ్డ. ఆ నెలాఖరుకు ఆపరేషన్‌కు రమ్మని పట్నం దవాఖానలో చెప్పారు. పోవాలా వద్దా అని ఆమె నలిగిపోతోంది. భర్త లేడు. కూతురు రూతు షాద్‌నగర్‌లో అత్తగారింట్లో ఉంటుంది. ఆ పొద్దు ఇంట్లో మేమిద్దరమే. కమలమ్మ అట్ట తీసి నా చేతిలో పెట్టింది. ఆమెకూ అక్షరాలు రావు.

"జర చదువక్కా. దవాఖానకు పోవుడా వద్దా, ఆయన ఇందులనే చెప్తడు."

కళ్లజోడు తేలేదన్నాను.

"ముప్పై ఏండ్లు బల్లె ఉన్నవ్, సగం పంతులమ్మవు. నీకు జోడేందక్కా" అని నవ్వింది.

అప్పుడే ఇంటి మీదుగా విమానం వచ్చింది. రేకులు అదిరాయి. అలవాటుగా ఇద్దరం ఆగాం. అంత సమయం దేవుడు నాకిచ్చాడు. ఒక్క మాట చాలు. నాలుక దాకా వచ్చింది. ఆమె కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. చప్పుడు దూరమైంది.

"నువ్వు చావవంటున్నడు కమలమ్మా. బతికి, ఆయన చేసిన పనులు పదిమందికి చెప్తవంట."

నోటికి వచ్చినవాటిలో ధైర్యమిచ్చేది అదే తోచింది. ఆమె ఏడుస్తూ అట్టను కళ్లకద్దుకుంది.

"దేవుడే అన్నంక ఇగ కోతలెందుకక్కా."

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ నెలంతా ఏ రోజైనా చెప్పొచ్చు. రూతు వచ్చి తల్లిని దవాఖానకు రమ్మని బతిమిలాడింది. నాకు మాట ఉన్నదని, అట్ట చూపించకుండానే కమలమ్మ మొండికేసింది. నిజమేనా అన్నట్టు రూతు నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఇది రాయడానికి చేయి రావడం లేదు. తల ఊపాను.

వానలు పడకముందే కమలమ్మ పోయింది. మట్టి ఇచ్చి వచ్చాక రూతు గుడ్డలో కుట్టేసి ఉన్న ఆ అట్ట తెచ్చి, అమ్మ విప్పకుండా నీకే ఇవ్వమంది పెద్దమ్మా అంది.

ఆ ఏడే పెద్దవాళ్లకు సాయంత్రం చదువు చెప్పే చోట చేరాను. నేను ఊడ్చిన బడిలోనే, నేను తుడిచిన నల్లబల్ల ముందే. మాటలు కూడబలుక్కోవడానికి రెండేళ్లు పట్టింది. ఒక మధ్యాహ్నం పెట్టె తెరిచి అట్ట తీశాను. వేలు పెట్టి చదివాను. ఈసారి నిజంగా.

లేచి బయలుదేరమని ఉంది. భయపడవద్దని, ముందు తానే నడుస్తానని ఉంది.

పోవుడా వద్దా అని ఆమె అడిగింది. డబ్బాలో అన్ని అట్టలుంటే ఆమె వేళ్లకు ఇదే దొరికింది. ఆయన ఎంత దగ్గరికి వచ్చాడు! ఆ రేకుల ఇంట్లోకి, ఆ మంచం పక్కకు. దేవుడు మాట్లాడాడు. మధ్యలో నేను కూర్చుని ఉన్నాను.

పోయి ఉంటే బతికేదా? తెలియదు. ఆ తెలియకపోవడం నాతోనే ఉంటుంది. క్షమించమని ఆయన్ని అడుగుతూనే ఉన్నాను. కమలమ్మను అడగడానికి లేదు. రూతు కనబడినప్పుడల్లా, అమ్మను చివరిదాకా చూసుకున్నవని నా చేయి పట్టుకుంటుంది. ఆమెకు ఇంకా చెప్పలేదు. ముందు ఈ కాగితం మీద చెప్పగలనో లేదో చూస్తున్నాను.

ఇప్పటికీ రోగుల ఇళ్లకు పోతున్నాను. కూడబలుక్కుంటూ చదువుతాను. తర్వాత ఆ అట్టను ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి మళ్లీ చదవమంటాను. నమ్మకం తగ్గిందా అని కొందరు ముఖం చిట్లిస్తారు. చిట్లించనీ.

రాస్తుంటే ఇంటి మీదుగా విమానం పోతోంది. పెన్ను పట్టుకున్న చేయి అలవాటుగా ఆగబోయింది. ఆగనివ్వలేదు. ఆ రోజు అనాల్సిన మాట ఆ చప్పుడులోనే రాస్తున్నాను.

కమలమ్మా, నాకు చదువు రాదు.