మామ ఒడి తడవని రోజు

మా పాపకు వెన్నెముక సరిగ్గా మూసుకోలేదని నా భార్య అయిదో నెల స్కానింగులో తెలిసింది. బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే వెన్నుకు శస్త్రచికిత్స చేశారు. ఫలితాలను కాగితం మీద రాసుకున్నాను. నడక వచ్చింది. తలలో నీరు చేరలేదు. మూత్రం, మలం వస్తున్నట్టు మాత్రం పాపకు తెలియదు. మూడు గంటలకొకసారి సన్నని గొట్టంతో మూత్రం తీయాలి. రోజూ టిఫిన్ అయ్యాక కాసేపు దొడ్డికి కూర్చోబెట్టాలి.

"బట్టలు తడిస్తే తడవనీ. కిడ్నీలు జాగ్రత్త" అంది డాక్టరమ్మ.

సూలూరు దగ్గర మిల్లులో మెషిన్ల మరమ్మతు నా ఉద్యోగం. మెషిన్లకు గీసినట్టే దీనికీ ఒక పట్టిక గీశాను: సమయం, మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు, మధ్యలో బట్ట తడిసిందా, మలం ఎలా ఉంది.

నాలుగో ఏట కారమడై గుడిలో చెవులు కుట్టించాలనుకున్నాం. మా వాళ్ళలో బిడ్డను మేనమామే ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. బంధువులంతా చుట్టూ నిలబడి చూస్తారు. ఆ ముందు వారమంతా పట్టికలో తడి లేదు. మూత్రం కొలత కూడా తగ్గింది, మలం గట్టిపడింది. అన్నీ రాశాను, ఎందుకని ఆలోచించలేదు.

"అమ్మా, పాపకి కంట్రోల్ వస్తా ఉండాది" అన్నాను.

"అంతా పెరుమాళ్ళు చూసుకుంటాడు లేరా" అంటూ, పాప తిండీ తిప్పలూ చూసుకునే మా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చెవులు కుట్టేటప్పుడు పాప గుక్కపట్టి ఏడ్చింది. మామ పట్టుపంచె తడవలేదు.

"బట్టల్లోనే పోతాదంటిరే! మామ వేష్టి మడత కూడా నలగలే!" అని ఒక పెద్దమ్మ గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు మధ్యాహ్నానికి చలిజ్వరం, వాంతులు. గొట్టంలో మూత్రం చిక్కగా, వాసనతో వచ్చింది.

"మూత్రంలో ఇన్‌ఫెక్షన్. రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతోంది?" అని డాక్టరమ్మ అడిగింది.

నా పట్టికలో ఆ గడి లేదు.

ఆస్పత్రి వరండాలో అమ్మ తలెత్తకుండా చెప్పింది. "నీళ్ళు నేనే ఇయ్యలేదురా. ఎనిమిది దినాలు. అడిగితే నోరు తడిపినా, అంతే. మామ ఒళ్ళో పోసుకుంటే నలుగురూ నవ్వేది బిడ్డనే గదా."

పక్కనే ఉన్న నా బావమరిది అందుకున్నాడు. "ఏంటత్తా, నా వేష్టికి బయపడి బిడ్డని ఎండబెడితిరా? తడిస్తే ఉతుక్కోనా? చేతులు లేవా నాకు?"

వారమంతా ఆ అంకెలు రాసింది నేనే.

కిడ్నీలకు దెబ్బ తగల్లేదని స్కానులో తేలింది. "ఈసారికి" అంది డాక్టరమ్మ.

జూన్‌లో పాప బడికి పోవాలి. మా ఇద్దరికీ ఉద్యోగాలు. ఇన్నాళ్ళూ షిఫ్టులు మార్చుకుని మేమే గొట్టం పెట్టాం, బడి వేళకు అది కుదరదు. పదకొండు గంటలకు అక్కడ గొట్టం పెట్టేవాళ్ళు కావాలి. "నేను పోతాను, నేర్పించండి" అంది అమ్మ.

మొదటిరోజు నా భార్య పక్కనే నిలబడి చెబుతోంది. అమ్మ గొట్టం చేతిలోకి తీసుకుని పాప మొహం చూసింది.

"నొప్పేస్తే ఎట్ల కన్నూ?"

"నాకు అక్కడ తెలీదవ్వా. నువ్వు పెట్టు."

అమ్మ గొట్టం పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. తరువాత లేచి వెళ్ళి, సబ్బుతో మళ్ళీ చేతులు కడుక్కుని వచ్చింది.