సగం గీకిన తీగె

కోవిల్‌పట్టిలో మా అత్త పోయింది. పొద్దున్నే మామ ఫోన్ చేసి "పాపా, అత్త లేదు" అన్నాడు, అంతే. విరుదునగర్ నుంచి బస్సులో గంట ప్రయాణం. ఆ గంటా నేను ఏడవలేదు. ఆమెకు చెప్పాల్సిన ఒక్క మాటను ఎలా మొదలుపెట్టాలా అని వెతుక్కుంటూ కూర్చున్నాను. వినడానికి ఆమె లేదన్నది తోచనే లేదు.

నాన్నకు అక్క ఆమె. ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ టీచరు. బడిలో పాఠం అరవంలో చెప్పినా, నాకు మాత్రం మన ఇంటి తెలుగులోనే చెప్పేది. తాళిగొలుసుకు ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడేవి. చిన్నప్పుడు మోటారు చేయడం నేర్పమని నేనడిగిన రోజు వాటిలో రెండు తీసి, బ్యాటరీకి అటొకటి ఇటొకటి రబ్బరు బ్యాండుతో బిగించింది. పైన అయస్కాంతం పెట్టింది. తను చుట్టిన రాగితీగె చుట్టను పిన్నీసుల కన్నాల్లో నిలబెట్టి వేలితో తట్టింది. గిర్రున తిరిగింది.

నాది తిరగలేదు. మాది మగ్గాల ఇల్లు, సగం పనంటే మా వాళ్లకు తిట్టుతో సమానం. అందుకని తీగె రెండు కొసలూ పైపూత పోయి చుట్టూరా తళతళలాడేట్టు గీకేశాను. అది వణికి ఆగిపోయింది.

అత్త నవ్వింది. "పూరా గీకేస్తివా? ఒక కొస సగందా గీకాలే. సగం సుట్టు కరెంటుతో, సగం సుట్టు దాని ఊపుతో పోవాల. ఎప్పుడూ ఒకరు తోస్తానే ఉంటే అది నిలిచిపోతాది."

ఇంకో మూడు చుట్టలు పాడుచేశాను. తీగె అయిపోయింది. మర్నాడే బడిలో ఎగ్జిబిషన్. బల్ల మీదున్న అత్త చుట్టను నా టిఫిన్ డబ్బాలో వేసుకున్నాను. బహుమతి వచ్చింది. "నువ్వే చేస్తివా?" అని అత్త అందరి ముందూ అడిగింది. "నేనే అత్తా" అన్నాను. తల నిమిరింది. ఆ చెయ్యి ఇప్పటికీ నా తల మీదే ఉంది.

ఇప్పుడు నేనూ ఫిజిక్స్ టీచర్నే. పిల్లలకు ఆ మోటారు చూపించినప్పుడల్లా నా భుజం వెనక ఎవరో నిలబడినట్టుంటుంది. వెనక్కి తిరిగి చూడను.

కర్మలు ముగిసిన మధ్యాహ్నం మామకు అంతా చెప్పేశాను.

"ఆమెకు తెలుసు పాపా. తను సుట్టింది తనకు తెలీదా?" అని లేచి, బీరువాలోంచి కొత్త రాగితీగె ఉండ తెచ్చాడు. కొట్టువాడు కట్టిన దారం ముడి అలాగే ఉంది. "నీకు బహుమతి వచ్చిన సాయంత్రమే కొనింది. నువ్వే వచ్చి నిజం చెప్పి తీగె అడుగుతావని పెట్టి ఉండింది."

"మరి నన్ను మళ్లీ ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఇంకో అబద్దం చెప్తావని బయం ఆమెకి."

అక్కడే నేల మీద కూర్చుని ముడి విప్పాను. పది చుట్లు చుట్టాను. రెండో కొస సగమే గీకాను. మామ తెచ్చిచ్చిన బ్యాటరీకి పిన్నీసులు బిగించి, అయస్కాంతం పెట్టి, చుట్టను నిలబెట్టి వేలితో తట్టాను. తిరిగింది.

మామ దానికి గాలి తగలకుండా ఫ్యాను ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు. బ్యాటరీ వేడెక్కింది. ఇద్దరిలో ఎవరమూ చెయ్యి పెట్టి ఆపలేదు.