బంగారు గీత గవ్వ

ఎనభైలలో మేము కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగిన ఇంట్లో, నా జువాలజీ చదువును లెక్కచేసిన మనిషి ఓనరమ్మ కూతురొక్కతే. ముప్పై దాటినా పసిమనసు. మాటలు తక్కువ. ఎల్లమ్మ పేరున చిన్నప్పుడు మెడలో కట్టిన గవ్వల తాడు ఏనాడూ తీసేది కాదు. నేను ప్రాక్టికల్స్ కోసం గవ్వలూ శంఖాలూ పరుచుకుంటే వచ్చి ఎదురుగా కూర్చునేది.

ఆమె తాడులోవన్నీ బజారు గవ్వలు. పసుపుపచ్చగా, వీపు మీద గడ్డలు గడ్డలుగా ఉండేవి. నా దగ్గర ఉన్నది వేరే జాతి, విశాఖలో రాళ్ళ తీరాన ఏరింది. కోడిగుడ్డులా నున్నన, బూడిదరంగు వీపు, దాని చుట్టూ బంగారు గీత. కిందివైపు చీలికా పళ్ళూ అన్ని గవ్వలకూ ఉంటాయి, వీపు చూసి పోల్చుకోవాలక్కా అని చెప్పాను. ఇలాంటివి సముద్రంలో బోలెడుంటాయని గుమ్మంలో నిలబడ్డ ఓనరమ్మతో కూడా అన్నాను. విన్నదో లేదో గానీ దాన్ని మాత్రం గుప్పిట్లోంచి వదల్లేదు. సరే పొమ్మని మేకుతో అంచున చిల్లు పెట్టాను. వంకరగా వచ్చింది. అలాగే ఆమె తాడుకు ఎక్కించాను.

సాయంత్రాలు ఎల్బీనగర్ వైపు వాళ్ళ చేనుదాకా నడిచి రావడం ఆమెకు అలవాటు. చేను ప్లాట్లయింది. కాలిబాట ఉన్నచోట ప్రహరీలు లేచాయి. ఆమెకు అవేం తెలుస్తాయి? ఒక వానాకాలం సాయంత్రం వెళ్ళి మళ్ళీ రాలేదు. పుట్టిన ఊళ్ళోనే తప్పిపోయింది. కొత్తపేట నుంచి తుర్కయంజాల్ దాకా అందరం కాళ్ళరిగేలా వెతికాం.

కొన్నాళ్ళకు ఒక కానిస్టేబుల్ వచ్చాడు. మూసారాంబాగ్ దగ్గర మూసీలో ఎవరో ఆడమనిషి దొరికిందనీ, ముఖం గుర్తుపట్టేలా లేదనీ చెప్పి, కాగితం పొట్లం విప్పి గవ్వల తాడు చూపించాడు. ఓనరమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"గవ్వలు ఎవ్వల మెడల లేవు సార్? గిది నా బిడ్డది కాదు," అని నావైపు తిరిగింది. "చదువుకున్నదానివి, నువ్వు జర సూడు బిడ్డా. కాదని చెప్పు."

ఆ మాట నా నెత్తిన పెట్టినందుకు ఆమె మీద మండిపోయింది నాకు. తాడు అందుకున్నాను. పచ్చవాటి మధ్య ఒకటి నున్నగా ఉంది. బురద తుడిస్తే బంగారు గీత బయటపడింది. కాదు అనే మాట నోటిదాకా వచ్చింది.

ఆమె నా ముఖమే చూస్తోంది. "సముద్రంల గిసొంటియి మస్తుగ ఉంటయన్నవ్ గద?"

ఉంటాయన్నాను. నిజమే కదా.

అప్పుడు ఆమె తాడు తన చేతిలోకి తీసుకుంది. గవ్వను తిప్పి తిప్పి చూసి, అంచు మీద వేలు ఆపింది.

"గీ వంకర చిల్లు గూడ ఉంటదా?"

"ఉండదు పెద్దమ్మా," అన్నాను. "అది నేను పెట్టింది."